ఎవరి తాళానికి రాస్తున్నాం?

ఈ మధ్య ఒక సాహిత్య కూడికలో, కొత్తగా కవిత్వం రాస్తున్న ఒక చెల్లి లేచి అడిగింది: "అన్నా, నేను చెవుల్లో పాటలు పెట్టుకుని రాస్తాను. తప్పా?"

వేదిక మీదున్న పెద్దమనిషి వెంటనే అందుకున్నాడు. సృజన తపస్సనీ, దానికి నిశ్శబ్దం కావాలనీ, ఏకాగ్రత లేనివాడు రాసేది రాతే కాదనీ చెప్పాడు. కుర్చీల్లో ఉన్న మనోళ్లంతా తలలూపారు. ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా కూర్చుంది. ఆయన అన్నందుకు కాదు, మనోళ్లు తలలూపినందుకు నాకు ఒళ్లు మండింది. తపస్సట! తపస్సు చేసిన శంబూకుడి తల ఏమయిందో తెలిసినవాళ్లే కదా ఆ కుర్చీల్లో ఉంది.

అసలు నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుంది? ఊళ్లో దొరుకుతుంది. మూడు గదులు, చుట్టూ ప్రహరీ, "నాన్న రాసుకుంటున్నాడు, గోల చెయ్యొద్దు" అని పిల్లల్ని కసిరే ఇల్లాలు ఉన్నచోట దొరుకుతుంది. రాయాలంటే ఆడదానికి ఏడాదికి అయిదొందల పౌండ్లు, తలుపేసుకునే ఒక గది కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లోనే అంది. నిజం చెప్పింది. మా ఇల్లు ఒకటే గది. అందులో అమ్మ, నాయన, నాయనమ్మ దగ్గు, నలుగురు పిల్లలం, వానాకాలమైతే మేక. గోడ అవతల చిన్నాన్న వాళ్ల రేడియో. గోడ అంటే తడిక మీద మట్టి మెత్తింది, అంతే. వాళ్లింట్లో విజయవాడ స్టేషను మోగితే మా ఇంట్లో వినపడేది. ఆ మోతలోనే అక్షరాలు దిద్దాను, ఆ మోతలోనే మొదటి కవిత రాశాను. "సంగీతం వింటూ రాయొచ్చా" అన్న ప్రశ్నే మాకు కొత్త. వినకుండా రాసే వీలు ఎప్పుడుంది గనక?

పల్లెలో పెరిగినవాడి చెవిలో ఏమేం పడతాయో చూడండి. తెల్లారగట్ల చర్చి మైకులో ఆంధ్ర క్రైస్తవ కీర్తన. ఆ పుస్తకం తిరగేస్తే కీర్తన నెత్తిన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. రాగమంటే ఏందో తెలియకుండానే మా అమ్మ ఆ రాగంలో పాడేది. ఎవరైనా చచ్చిపోతే పలక. ఊళ్లో పెళ్లయితే సన్నాయి. అదీ దూరం నుంచే. ఒంగోలు పక్క కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరానికి 1998లో సంగీత కళానిధి వచ్చింది. ఒక సాయిబు ఆ పీట ఎక్కినందుకు సంతోషమే. అదే పెళ్లిలో ముందు నడిచి పలక కొట్టినవాడికి దక్కింది నాలుగు గింజలు, ముంత కల్లు. ఇక శ్రీరామనవమి పందిట్లో హరిశ్చంద్ర నాటకం, తెల్లార్లూ పద్యాలు.

ఈ పద్యం దగ్గర కాసేపు ఆగాలి. జాషువా 1895లో వినుకొండలో పుట్టాడు. 1915-16 ప్రాంతాల్లో రాజమండ్రిలో మూకీ సినిమాలకు పక్కన నిలబడి కథా, మాటలూ చదివే పని చేశాడు. నోరులేని బొమ్మకు నోరు ఇవ్వడం ఆయన మొదటి ఉద్యోగాల్లో ఒకటన్నమాట. తర్వాతి కాలంలో, 1957 నుంచి 59 దాకా, మద్రాసు రేడియోలో కార్యక్రమాలు తయారుచేశాడు. ఈ రెంటి మధ్య, 1941లో, 'గబ్బిలం' వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపితే, జాషువా గుడి కప్పుకు వేలాడే గబ్బిలంతో పంపాడు. పాత్ర మారింది, కబురు మారింది, నడక మాత్రం వాళ్లదే. గణాలూ, యతులూ వాళ్లవే. ఛందస్సు అంటే ఏమిటి? రాస్తున్నంతసేపూ లోపల మోగుతూ ఉండే పాట. ఆయన గదిలో గ్రామఫోను తిరక్కపోవచ్చు, పుర్రెలో మాత్రం శార్దూలమో సీసమో నడుస్తూనే ఉంది. వాళ్ల తాళం మీద ఎక్కి వాళ్లనే నిలదీశాడు. తర్వాత ఏమైందో గుంటూరు జిల్లాలో నాటకం చూసిన ప్రతివాడికీ తెలుసు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను వచ్చేసరికి నటులు జాషువా శ్మశానం పద్యాలు తెచ్చి కలిపి పాడారు. హార్మోనియం సాగుతుంటే జనం వన్స్‌మోర్లు కొట్టారు. రాజు కాటికాపరి వీరబాహుడికి అమ్ముడుపోయే కథలో, ఊరి బయట పుట్టినవాడి పద్యాన్ని ఊరి నడిమధ్య పందిట్లో అడిగి మరీ రెండోసారి పాడించుకున్నారు. ఆ పందిరికి దూరంగా నిలబడి మనోళ్లూ విన్నారు. ఎవరి పద్యమో తెలియకుండానే విన్నవాళ్లే ఎక్కువ.

కాబట్టి రాతకు సంగీతం శత్రువు అనే మాట నా దగ్గర చెల్లదు. అట్టాగని "మన బతుకే ఒక పాట" అని మురిసిపోయే బాపతు కూడా నేను కాదు. డెల్టాకు నాట్లకు పోయినప్పుడు మా అమ్మ వాళ్లు పాడేవాళ్లు. ఒకామె ఎత్తుకుంటే పదిమంది అందుకునేవాళ్లు. పాటకు అడుగు పడేది, అడుగుకు మొక్క పడేది. బానే ఉంది. కానీ పాట జోరందుకుంటే ఎకరం తొందరగా తెమిలేది. తెమిలితే లాభం ఎవరికి? గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ ఆసామికి. "పాడండే, పాడండి" అని ఊరికే అనేవాడా! రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 జూన్‌లో, బీబీసీ వాళ్లు ఫ్యాక్టరీ కార్మికుల కోసం 'మ్యూజిక్ వైల్ యూ వర్క్' అని ఒక రేడియో కార్యక్రమం మొదలుపెట్టారు. చేతులు ఆగకుండా, ఉత్పత్తి తగ్గకుండా ఉండటానికి. మన ఆసామికి అంతకు ముందే తెలిసిన సంగతి అది. మిరప కోతల్లో మాత్రం ఇంత పాట నేను వినలేదు. కల్లంలో తాలు కాయలు ఏరేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, నోరు తెరిస్తే ఘాటు. నాట్లలో పాట ఉంటది, మిరప కల్లంలో దగ్గు ఉంటది. ఇప్పుడు కల్లంలో కూడా సెల్‌ఫోను పాడుతోంది. దగ్గేవాళ్లు దగ్గుతూనే ఉన్నారు.

పాట పని నడకను మారుస్తుంది. రాత కూడా పనే. ఇది నాకు పుస్తకాల్లో తెలియలేదు, తన్ని నేర్పారు.

1987-88లో తెల్లదోమ పత్తిని తినేస్తే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు పురుగుమందు తాగి చచ్చిపోయారు. ఆ చావులు ఆ ఏడుతో ఆగలేదు. 2000ల మొదట్లో మా పక్క ఊరి పల్లెలో ఒక కౌలుదారు అట్టాగే పోయాడు. పాతికేళ్ల కుర్రాడు. నేను పోయి వాళ్లమ్మతో మాట్లాడి వచ్చి, రాత్రికి కరపత్రం రాయడానికి కూర్చున్నాను. గుండె బరువెక్కాలని టేప్ రికార్డర్లో ఒక విషాద గీతాల క్యాసెట్ వేసుకున్నాను. కలం పరుగెత్తింది. తల్లి కన్నీరు, పత్తి చేలో తెల్లటి శవ వస్త్రం, ఇంకా ఏవేవో. రాస్తూ నేనే ఏడ్చాను. తెల్లారి పోయి ఆమెకు చదివి వినిపించాను. అంతా విని ఆమె ఒకటే మాట అంది:

"నేనెప్పుడు ఏడ్చాను నాయనా? నీకు లెక్క చెప్పాను గదా, ఆ లెక్కేదీ?"

నిజమే. ఆమె ఏడవలేదు. మూడెకరాలు కౌలు, కౌలు ముందే కట్టాం, మందుల కొట్లో బాకీ నలభై రెండు వేలు, పత్తి వచ్చింది పదకొండు క్వింటాళ్లు, తూకంలో తరుగు తీసింది ఇంత అని వేళ్లు మడిచి చెప్పింది. నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను కూడా. కరపత్రంలో ఒక్క అంకె రాలేదు. క్యాసెట్‌లో ఆ గొంతు ఏడుస్తుంటే నా కలం ఆ ఏడుపు వెంట పోయింది. కౌలు కాగితం లేనివాడు సర్కారు లెక్కలో రైతే కాడు. అతను సాగు చేశాడని చెప్పడానికి మిగిలిన సాక్ష్యం ఆ తల్లి వేళ్ల మీది లెక్కే. దాన్ని పాటకు బలిపెట్టాను. ఎమ్మార్వో ముందు పెట్టాల్సిన కాగితం కాస్తా సినిమా సీను అయింది.

మనస్తత్వ శాస్త్రం వాళ్లు 1970ల నుంచీ చేసిన ప్రయోగాల్లో తేలింది కూడా ఇట్టాంటిదే. మనం పట్టించుకోకపోయినా చెవిన పడే మాట, మనం లోలోపల పట్టి ఉంచుకున్న మాటల్ని చెదరగొడుతుంది. అది మనకు రాని భాషయినా సరే. ఇక తెలిసిన భాషలో, తెలిసిన ఏడుపయితే చెప్పేదేముంది!

ఇంకోటి చెప్పాలి, కొందరు మిత్రులకు కోపం వచ్చినా సరే. చుండూరు మీద ఒక తమ్ముడు పాట కట్టి తెచ్చాడు. బాగా కట్టాడు. అందులో చనిపోయినవాళ్లు పదిమంది. "ఎనిమిది మంది కదరా" అంటే, "ఎనిమిది తాళంలో ఇమడటం లేదన్నా" అన్నాడు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు కొట్టేసింది. సాక్షులు ఇన్నేళ్లు ప్రతి తేదీ, ప్రతి పేరు గుర్తుపెట్టుకుని బోనెక్కి చెప్పినచోట, తాళం కోసం మనం ఇద్దరు మనుషుల్ని కలుపుతామా? ఎనిమిదికి సరిపోయే తాళం వెతుక్కోవాలి. వెతికితే దొరికింది కూడా, వారం పట్టింది అంతే.

మా వైపు డప్పును పలక అని కూడా అంటారు. బళ్లో పిల్లవాడు అక్షరాలు దిద్దేదీ పలకే. మా తాత చేతిలో ఒక పలక, మా నాయన చేతిలో ఇంకో పలక. పేరొకటే. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు గొప్పగానే ఉంటుంది. దీన్ని పట్టుకుని, డప్పు మోత వింటూ రాస్తేనే దళిత కవిత్వం అనే ఒక ఫ్యాషను బయల్దేరింది. డప్పు క్యాసెట్లు పోయి ఇప్పుడు ఫోన్లో డప్పు దొరుకుతోంది. అందరూ అదే వింటున్నారు. అందరి పద్యాలూ ఒకటే గంతు గంతుతున్నాయి. తాత పలక మంట మీద కాచకపోతే మోగేది కాదు. చావుకొక దెబ్బ, జాతరకొక దెబ్బ, దండోరాకొక దెబ్బ. మన కుర్రాళ్లు వింటున్నది ఏ దెబ్బో వాళ్లకే తెలియదు. 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' సంకలనం తీసి చూడండి. పేరులో పాట ఉంది, లోపల ఎక్కువ భాగం వచన కవిత. ఆకాశవాణిలో పనిచేసిన పైడి తెరేష్‌బాబు గొంతెత్తి పాడగలిగినవాడు. అయినా ఆయన వచనంలో వెటకారం ఆయన మాట్లాడే తీరులోంచే వచ్చింది, వాయిద్యంలోంచి కాదు. అమెరికాలో లాంగ్‌స్టన్ హ్యూస్ 1926లో 'ద వియరీ బ్లూస్' పుస్తకం తెచ్చాడు. నల్లవాళ్ల బ్లూస్‌ను కవితలోకి దింపాడు. పాట కట్టేవాడు ఎక్కడ ఆగుతాడు, ఎక్కడ తడబడతాడు, ఏ మాట రెండోసారి అంటాడు, ఇవన్నీ విని విని అరిగించుకున్నాక దింపాడు.

చెల్లెమ్మా, నీకు ఆ రోజు జవాబు దొరకలేదు కాబట్టి నేను చేసేది చెబుతాను, నచ్చితే చెయ్యి. రాయబోయే ముందు నాకు పాట కావాలి. మాటలు లేనిది అయితే మేలు. చేలగట్టు మీద నడుస్తూ వింటాను. మొదటి వాక్యం కదిలిందా, తీసేస్తాను. కరపత్రమో, నిజనిర్ధారణ నివేదికో, అర్జీయో అయితే అసలు పెట్టను. రాశాక పల్లెలోకి పోయి పైకి చదువుతాను. అక్కడ అన్ని మోతలూ ఉంటాయి: కుక్కర్ ఈల, బైకు, పిల్లలు. ఆ మోతలో నిలబడి వినిపించని వాక్యాన్ని కొట్టేస్తాను. నిశ్శబ్దం మనకు అక్కర్లేదని కాదు. నీకొక గది దొరికితే తలుపేసుకో, ఎవరికీ సంజాయిషీ చెప్పొద్దు. దొరకలేదని మాత్రం రాయడం ఆపొద్దు. చెవుల్లో పెట్టుకున్నదాన్ని బయటి గోల వినపడకుండా తడిక లాగా వాడుకుంటున్నావేమో కూడా. నలుగురున్న హాస్టలు గదిలో అది తప్పెట్టా అవుతుంది?

ఆ కరపత్రం తిరగరాసి వారానికి మళ్లీ ఆ తల్లి దగ్గరికి పోయాను. ఈసారి క్యాసెట్ పెట్టలేదు. అంకెలన్నీ వేశాను. పక్కింట్లో టీవీ గట్టిగా పెట్టి ఉంది. నేను గొంతు పెంచి చదువుతున్నాను. రెండో పేరాలో ఆమె చెయ్యెత్తి ఆపి, గోడ అవతలికి కేకేసింది: "ఏమ్మే, ఆ టీవీ కాస్త కట్టెయ్యి, ఇక్కడ నా బిడ్డ లెక్క చదువుతున్నారు." టీవీ ఆగింది. మొదటినుంచీ చదవమంది. చదివాను. తరుగు కాడ తప్పు రాశావు నాయనా అంది.