రిసార్టులకు గొండోలా.. లెక్క ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ కుదరదు?

హైదరాబాద్‌లో రోప్‌వే మాట మళ్లీ వినిపిస్తోంది. గోల్కొండ కోట నుంచి సెవెన్ టూంబ్స్ అని అందరూ పిలిచే కుతుబ్‌షాహీ సమాధుల వరకు సుమారు కిలోమీటరున్నర దూరం తీగల మీద క్యాబిన్లు నడపాలన్నది హెచ్‌ఎండీఏ ఆలోచన. ఇది సాధ్యమా కాదా తేల్చే అధ్యయనం కోసం 2025లో అడుగులు పడ్డాయి. ఆ వార్త రాగానే మొయినాబాద్, చేవెళ్ల వైపు ఇంకో చర్చ మొదలవడం సహజమే. సురంగల్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు, ఇటు గండిపేట, అటు హిమాయత్‌సాగర్. ఆదివారం వచ్చిందంటే మెహిదీపట్నం, టోలీచౌకి నుంచి కుటుంబాలు కార్లలో, ఆటోల్లో బారులు తీరతాయి. పెద్ద థీమ్ పార్కు, రిసార్టు కట్టి, లోపల జనాన్ని గొండోలాల్లో తిప్పితే ఎలా ఉంటుంది? చూడటానికి బాగుంటుంది. రవాణాగా పనికొస్తుందా అన్నది వేరే ప్రశ్న.

థీమ్ పార్కులో గొండోలాను సరదా రైడ్‌గా కాకుండా నిజమైన రవాణాగా వాడిన పెద్ద ఉదాహరణ అమెరికాలోని ఫ్లోరిడాలో ఉంది. వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో స్కైలైనర్ పేరుతో 2019 సెప్టెంబర్ 29న మొదలైంది. మూడు లైన్లు, దాదాపు 300 క్యాబిన్లు, ఒక్కోదాంట్లో పది మంది వరకు. రెండు పార్కులను, నాలుగు హోటళ్లను కలుపుతుంది. అక్కడ అది బాగానే నడుస్తోంది. కారణాలు చూస్తే మన లెక్క తేలికవుతుంది. మొదటిది, ఆ హోటళ్లలో ఏడాది పొడవునా వేల మంది ఉంటారు. వీకెండ్ ఒక్కటే కాదు, మంగళవారం కూడా జనమే. రెండోది, మధ్యలో చెరువులు, చుట్టు తిరిగే రోడ్లు. తీగ మాత్రం తిన్నగా పోతుంది. మూడోది, టికెట్ లేదు. టికెట్ లేదంటే ఉచితం అని కాదు, ఆ ఖర్చు రూం అద్దెలో, పార్కు టికెట్లో కలిసిపోయింది. జేబులోంచి పోయే డబ్బు అదే, బిల్లులో కనిపించదంతే.

అక్కడ కూడా ఇబ్బందులు లేకపోలేదు. మొదలైన వారం లోపే, అక్టోబర్ 5 రాత్రి, ఒక లైన్ ఆగిపోయి జనం గంటల తరబడి క్యాబిన్లలోనే ఇరుక్కున్నారు. మెరుపులు దగ్గరికొస్తే లైన్ ఆపేస్తారు. క్యాబిన్లలో ఏసీ లేదు, కదిలితేనే గాలి. ఆగితే ఉక్కపోత. అందుకే డిస్నీ బస్సులను తీసేయలేదు. గొండోలా ఆగినప్పుడు బస్సులే దిక్కు. అంటే గొండోలా పెట్టినవాడు రెండు రవాణాల ఖర్చు మోయాలి. ప్రచార బొమ్మల్లో ఈ రెండో ఖర్చు ఎప్పుడూ కనిపించదు.

మన వాతావరణంలో ఇది ఇంకా బరువైన విషయం. ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 డిగ్రీలు, సాయంత్రం ఉన్నట్టుండి ఈదురుగాలి, ఉరుములు. సెలవుల్లో పిల్లలతో బయటికి వెళ్లేది సరిగ్గా ఆ నెలల్లోనే. సాయంత్రం ఆరు గంటలకు పార్కు మూసే టైమ్‌లో గాలివాన వస్తే లైన్ ఆగుతుంది, మూడు వేల మంది ఒకేసారి బస్సుల కోసం చూస్తారు.

ఇక డబ్బు. దేశంలో నగర రవాణా కోసం కడుతున్న మొదటి రోప్‌వే వారణాసిది. కంటోన్మెంట్ స్టేషన్ నుంచి గోదౌలియా వరకు సుమారు 3.75 కిలోమీటర్లు, ఐదు స్టేషన్లు. 2023 మార్చిలో శంకుస్థాపన జరిగినప్పుడు చెప్పిన అంచనా సుమారు 645 కోట్లు. కిలోమీటరుకు 170 కోట్ల పైమాటే. అక్కడ స్టేషన్లు పెద్దవి, ఊరు ఇరుకు. ఖాళీ స్థలంలో కట్టే రిసార్టుకు అంత పడదనుకుందాం. మొత్తం 100 కోట్లే అనుకుందాం. తొమ్మిది శాతం వడ్డీకి తెస్తే ఏడాదికి 9 కోట్లు, వారానికి 17 లక్షల పైచిలుకు. ఇది వడ్డీ మాత్రమే. అసలు, కరెంటు, సిబ్బంది జీతాలు, తీగల తనిఖీ, ఇన్సూరెన్స్ ఇందులో లేవు.

మొయినాబాద్ వైపు రిసార్టుల తీరు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. శని, ఆదివారాలు కిటకిట, మిగతా రోజులు ఖాళీ. వీకెండ్ రెండు రోజులు మూడేసి వేల మంది, మిగిలిన ఐదు రోజులు మూడేసి వందల మంది ఎక్కుతారని లెక్కేస్తే వారానికి 7,500 మంది. వడ్డీ ఒక్కటే మనిషికి 230 రూపాయలు పడుతుంది. అమ్మీ, అబ్బా, నలుగురు పిల్లలు వెళ్తే ఒక్క ట్రిప్పుకి 1,380. అదే పనికి ఎలక్ట్రిక్ బస్సులు పది కొన్నా, ఒక్కోటి కోటి నుంచి కోటిన్నర అనుకుంటే, 15 కోట్లు దాటదు. ఎక్కువ జనం ఉన్న రోజు ఇంకో నాలుగు అద్దెకు తెచ్చుకోవచ్చు. తీగను అలా అద్దెకు తేలేం.

గొండోలా పక్షాన చెప్పాల్సిన మాట కూడా ఉంది. బస్సులా అది ఆగి ఆగి రాదు. పన్నెండు సెకన్లకో క్యాబిన్ వస్తే గంటకు 300 క్యాబిన్లు, పదేసి మందైతే 3,000 మంది. వారణాసికి చెప్పిన సామర్థ్యం కూడా ఒక్కో వైపు గంటకు 3,000. యాభై మంది పట్టే బస్సు మూడు నిమిషాలకోటి వదిలినా గంటకు వెయ్యి మందే. క్యూ పొడుగ్గా ఉన్నా కదులుతూ ఉంటుంది, అది జనానికి ఓపికనిస్తుంది. కానీ పదేసి మంది నిండితేనే ఈ లెక్క. మన కుటుంబాలు అలా ఎక్కుతాయా? పర్దా పాటించే ఆడవాళ్లు ముక్కూమొహం తెలియని మగవాళ్లతో చిన్న అద్దాల క్యాబిన్లో మోకాలికి మోకాలు తగిలేలా కూర్చోవడానికి ఇష్టపడరు. మనవాళ్లే కాదు, చాలా ఇళ్లలో ఇదే మాట. ఐదుగురి కుటుంబానికో క్యాబిన్ ఇస్తే సామర్థ్యం సగానికి, 1,500కు పడిపోతుంది. వీల్‌చైర్‌లో దాదీమా ఉంటే క్యాబిన్‌ను నెమ్మది చేయాలి లేదా ఆపాలి. అప్పుడు సగం సామర్థ్యానికి పూర్తి ఖర్చు.

మరి రోప్‌వే ఎక్కడ నిజంగా పనికొచ్చింది? బొలీవియాలోని లా పాజ్‌లో 2014 నుంచి నడుస్తోంది. పది లైన్లు, మొత్తం దాదాపు 30 కిలోమీటర్లు. లోయలో ఉన్న లా పాజ్‌నూ, దాని పైన నాలుగు వందల మీటర్ల ఎత్తులో ఉన్న ఎల్ ఆల్టోనూ కలుపుతుంది. రోడ్డు మీద వంపులు తిరుగుతూ ఎక్కాల్సిన జనం పనులకు రోజూ దాని మీదే వెళ్తారు. మన దగ్గర శ్రీశైలంలో పాతాళగంగకు దిగే రోప్‌వే చిన్నదే అయినా పనికొచ్చేదే, ఎందుకంటే అది లేకపోతే వందల మెట్లు. విశాఖ కైలాసగిరి రోప్‌వే మాత్రం సముద్రం చూడటానికి. లండన్‌లో 2012లో థేమ్స్ నది మీద వేసినదాన్ని మొదట్లో రవాణా అన్నారు. రోజూ పనికి వెళ్లేవాళ్లు దానివైపు పెద్దగా చూడలేదు, చివరికి టూరిస్టుల సరదాగానే మిగిలింది. కొండో, లోయో, నీళ్లో అడ్డుంటేనే తీగకు విలువ. సురంగల్ వైపు నేల దాదాపు చదును. చదును నేల మీద బస్సును ఓడించడం తీగకు కష్టం.

హైదరాబాద్‌కు దగ్గర్లోని ఉదాహరణే చూడండి. రామోజీ ఫిలింసిటీ 1,666 ఎకరాలు. అంత పెద్ద ఆవరణలో సందర్శకులను తిప్పేది బస్సులే. డబ్బు లేక కాదు కదా.

నీళ్ల సంగతి వేరే. మొయినాబాద్ మండలంలో చాలా ఊళ్లు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహక ప్రాంతంలోకి వస్తాయి. 1908 మూసీ వరద తర్వాత నిజాం కాలంలో కట్టిన జలాశయాలివి. వీటి కోసమే 1996లో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ జీవో 111 వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ కట్టడి సడలింది. పెద్ద థీమ్ పార్కు వస్తే తీగ కింద స్తంభాలు ఆక్రమించే స్థలం తక్కువే, ఆ విషయంలో రోడ్డు కంటే రోప్‌వే మేలు. కానీ దాని వెంట వచ్చే హోటళ్లు, పార్కింగ్, మురుగునీరు మాత్రం చెరువుల వైపే చూస్తాయి.

భద్రత మాట కూడా దాటేయలేం. 2022 ఏప్రిల్ 10న జార్ఖండ్‌లోని త్రికూట్ కొండ మీద రోప్‌వే ప్రమాదంలో ముగ్గురు చనిపోయారు, జనాన్ని హెలికాప్టర్లతో దించడానికి మరో రెండు రోజులు పట్టింది. 2017 జూన్‌లో గుల్మార్గ్‌లో చెట్టు తీగ మీద పడి క్యాబిన్ కూలింది, ఏడుగురు పోయారు. సరిగ్గా నడిపితే రోప్‌వే సురక్షితమైన వాహనమే. అయితే అంతా తనిఖీ మీద, చెట్ల కొమ్మలు కొట్టడం మీద, ఎప్పుడు ఆపాలో తెలిసిన ఆపరేటర్ మీద ఆధారపడింది.

ఇంతకీ ఈ వైపు జనానికి అసలు ప్రమాదం ఆకాశంలో లేదు, రోడ్డు మీద ఉంది. 2025 నవంబర్ 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. బీజాపూర్ హైవే విస్తరణ మర్రిచెట్ల వివాదంలో ఏళ్ల తరబడి నలిగింది. రిసార్టు లోపల తీగ మీద హాయిగా తిరిగినా, ఇంటి నుంచి గేటు దాకా వచ్చేది ఆ రోడ్డు మీదే. పైగా మహాలక్ష్మి పథకంలో 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆరుగురి కుటుంబంలో నలుగురు ఆడవాళ్లుంటే మెహిదీపట్నం నుంచి మొయినాబాద్ దాకా ఇద్దరికే చార్జీ. ఆదివారాలు, బాసీ ఈద్ లాంటి రోజుల్లో ఈ రూట్‌లో బస్సులు పెంచితే కలిగే మేలు ఏ క్యాబిన్‌తోనూ రాదు.

గోల్కొండది కొంత భిన్నమైన కథ. ఏడాదంతా సందర్శకులుంటారు, ఇరుకు దర్వాజాల గుండా వాహనాలు నెమ్మదిగా పోతాయి, సమాధుల పునరుద్ధరణ పూర్తయి 2024 జూలైలో ప్రారంభమయ్యాక ఆకర్షణ పెరిగింది. సెకనుకు ఐదు మీటర్ల వేగంతో కిలోమీటరున్నర దాటడానికి ఐదు నిమిషాలు. కానీ ట్రాఫిక్ లేకపోతే ఆటోకి కూడా పది నిమిషాలు పట్టదు. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడాలకు నిషేధం, ఆ తర్వాత 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. స్టేషన్ అంత దూరం జరిగితే వృద్ధులు మళ్లీ ఆటో ఎక్కాల్సిందే. ఆ ఆటోలు నడిపేవాళ్లు, కోట గేటు దగ్గర చెరుకు రసం, మక్కబుట్టలు అమ్మేవాళ్లు చాలామంది ఆ చుట్టుపక్కల బస్తీల వాళ్లే. అధ్యయన నివేదిక వచ్చినప్పుడు టికెట్ ధర, రోజుకు ఎంతమంది ఎక్కుతారన్న అంచనాతో పాటు, స్టేషన్ల దగ్గర ఆటోస్టాండ్‌కూ ఈ బండ్లకూ స్థలం చూపారా లేక అంతా ఒకే కాంట్రాక్టర్ షాపులకు ఇచ్చేశారా అన్నది ఆ పేజీల్లోనే వెతకాలి.