విరిగిన పన్నుకీ సాక్ష్యం ఉంది

పన్ను విరగడం చిన్న దెబ్బ కాదని మన చట్టం ఎప్పటినుంచో చెపుతోంది. ఎముక గానీ పన్ను గానీ విరిగినా, స్థానం తప్పినా అది తీవ్రగాయమేనని 1860 నాటి శిక్షాస్మృతి 320వ సెక్షన్‌లో ఉంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్‌లోనూ అదే ఉంది. మామూలు గాయానికి శిక్ష ఏడాది వరకే, తీవ్రగాయానికి ఏడేళ్ల వరకు. ఈ తేడాని కోర్టులో నిలబెట్టే కాగితాల్లో దంత వైద్యశాల కేస్ షీట్ ముఖ్యమైనది. బోధనాసుపత్రుల్లో దాన్ని రాసేది ఎక్కువగా హౌస్ సర్జన్లే.

దెబ్బలు తిన్న స్త్రీలకి తోడుగా ఆసుపత్రులకి వెళ్లే కార్యకర్తగా నేను పదేపదే చూసేది ఒకటే. "ఎలా తగిలింది?" అని డాక్టరు అడుగుతాడు. "బాత్‌రూములో జారిపడింది" అని పక్కనున్న భర్తో అత్తగారో జవాబిస్తారు. కేస్ షీట్ మీదకి ఆ మాటే ఎక్కుతుంది. ఆమె నోరు తెరిచేది పన్ను చూపించడానికే, మాట్లాడడానికి కాదు.

ఆ కుర్రవాళ్లని నిందించి లాభం లేదు. నాలుగేళ్ల బీడీఎస్ చదువు తర్వాత ఏడాది పాటు విభాగం తర్వాత విభాగం తిరుగుతూ ఇంజక్షన్ ఇవ్వడం, పన్ను తీయడం, దవడకి తీగలు కట్టడం చేత్తో నేర్చుకుంటారు. కుర్చీలో కూర్చున్న మనిషితో ఎలా మాట్లాడాలో మాత్రం ఎవరికి వారే నేర్చుకోవాలి. రోగి చికిత్సలో అది భాగం కాదా?

నేర్పవలసినవి పెద్ద విద్యలేం కావు. మొదటిది, ఆమెతో ఒంటరిగా మాట్లాడడం. ఎక్స్‌రే గదిలోకి ఇంకెవర్నీ రానివ్వరు కాబట్టి ఆ నాలుగు నిమిషాలు చాలు. భర్త ఎదుట అడిగితే ఇంటికెళ్లాక ఇంకో దెబ్బ పడుతుంది. మంచి మనసు ఒక్కటే చాలదు, శిక్షణ కావాలనేది ఇందుకే. రెండోది, విరిగిన పన్ను దగ్గరే ఆగిపోకపోవడం. గడ్డం మీద గుద్దితే చెవి ముందున్న దవడ కీలు దగ్గర ఎముక విరగొచ్చు. పళ్లు సరిగా కలుస్తున్నాయా, కింది పెదవి మొద్దుబారిందా అని చూడాలి. మూడోది, రాయడం. ఏ పన్ను, ఎంతమేర విరిగింది, ఏది కదులుతోంది, చెంప మీద కమిలిన చోటు ఎంత, ఆమె తన మాటల్లో ఏం చెప్పింది అన్నీ రాయాలి. చెప్పిన కారణానికీ గాయానికీ పొంతన లేకపోతే అదీ రాయాలి.

"మేం పోలీసులం కాదు, ఇది వాళ్ల ఇంటి విషయం" అనే పెద్ద డాక్టర్లున్నారు. 2005 గృహహింస చట్టం 7వ సెక్షన్ ప్రకారం బాధితురాలికి వైద్యం అందించడం ఆసుపత్రి బాధ్యత. 2006 నిబంధనల్లో 17వది ఇంకా స్పష్టంగా ఉంది. గృహహింస నివేదిక లేదని వైద్యం నిరాకరించకూడదు. అప్పటికి ఆ నివేదిక లేకపోతే ఆసుపత్రి బాధ్యులే ఫారం 1 నింపి రక్షణాధికారికి పంపాలి. వైద్య పరీక్ష నివేదిక ప్రతిని ఆమెకి ఉచితంగా ఇవ్వాలి. ఆ ఫారం ఏమిటో, ఎక్కడికి వెళుతుందో ముందుగా ఆమెకి చెప్పడం మర్యాద మాత్రమే కాదు, ఆమె హక్కు.

చిన్న ఊళ్లో ఒక్క కుర్చీతో నడిచే క్లినిక్‌లో ఇది మరీ కష్టం. ఫీజు కట్టేది భర్తే, రేపు నలుగురికి చెప్పేదీ అతనే. కానీ అత్యవసర విభాగంలో డాక్టరుకి లేని అవకాశం ఇక్కడుంది. నరం వరకు విరిగిన పన్నుకి చికిత్స ఒక్క రోజులో తేలకపోవచ్చు, ఆమె మళ్లీ మళ్లీ రావలసి ఉంటుంది. మొదటిసారి చెప్పనిది మూడోసారి చెప్పొచ్చు. అప్పుడు చేతిలో కరపత్రం పెడితే ఇంట్లో దొరికిపోతుంది. 181 అనే మూడంకెలు గుర్తుపెట్టుకోమంటే చాలు.

మన వంతు పనీ ఉంది. మన దగ్గరికి వచ్చిన స్త్రీ ఒంటి మీది దెబ్బల్ని చూస్తాం గానీ నోట్లోకి చూడం. చూడాలి, దంత వైద్యుల అభిప్రాయం రాయించాలి. ఊడిన పన్నుని రుద్ది కడక్కుండా పాలల్లో వేసి వెంటనే, వీలైతే గంటలోపే తీసుకెళితే మళ్లీ అతుక్కునే అవకాశం ఉంది. హౌస్ సర్జన్లు విధుల్లో చేరే వారంలోనే ఈ పాఠం చెప్పాలనీ, ప్రతి దంత వైద్యశాల ఓపీలో ఫారం 1 ఉండాలనీ మనం కళాశాలల్ని అడగాలి. ఆ పాఠం చెప్పడానికి మన సంఘాల స్త్రీలని పిలవమనీ అడగాలి. దెబ్బలు తిన్న స్త్రీలు ఎలా మాట్లాడతారో, ఎందుకు మాట్లాడరో మనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?