నాస్తికుని ద్వేషించుట భక్తి కాదు



మొన్నటి శ్రీరామనవమి యుత్సవములలో మా భిలాయి పట్టణమున నేను వినిన యొక ప్రవచనమునందు, దేవుడు లేడనువానితో సహపంక్తి భోజనము సైతము కూడదనియు, అట్టివాని గడప త్రొక్కుటయే పాపమనియు, హిరణ్యకశిపుని కథను ప్రమాణముగా జూపుచు పౌరాణికులు నుడువగా, నాకు మిక్కిలి ఆప్తులైనవారు సయితము తలలూపిరి. నాటినుండి నా మనస్సు కుదుటపడలేదు.

సెక్టర్ 7లో మా క్వార్టరునకు గోడ యవతల శ్రీకాకుళపు పెద్దమనిషి యొకరున్నారు. భిలాయి ఉక్కు ప్లాంటులో మేమిరువురము చాలకాల మొకే షిఫ్టున పనిచేసితిమి. ఆయన నాస్తికులు. ఏటేట సెప్టెంబరు 17న జరుగు విశ్వకర్మ పూజకు ముందునాటి సాయంకాలము, మేమందరము మామిడాకులనియు కొబ్బరికాయలనియు తిరుగుచుండగా, ఆయన యొక్కరే గొంతుకూర్చుండి, కిరసనాయిలులో తడిపిన గుడ్డపేలికతో, సందులలో పేరుకొన్న గ్రీజు పోవువరకు ఒక్కొక్క పానాను తుడిచి, వరుసగా పేర్చెడివారు. మరునాడు హారతివేళకు మాత్రము వెలుపలికి పోయి నిలిచెడివారు. “తుడవమంటే తుడుస్తాను గానీ, దండం పెట్టమంటే నా వల్ల కాదు బాబూ” అని యొకనాడు నాతో ననిరి. ఆ పనిముట్లకు బొట్టు పెట్టునపుడు నా వ్రేళ్ళకు కిరసనాయిలు వాసన యంటెడిది. నేను పూజించినది ఆయన తుడిచినదానినే గదా!

పౌరాణికులు హిరణ్యకశిపుని కథను నడుమనే నిలిపివేసిరి. భాగవత సప్తమస్కంధమున, నృసింహుడు వరము కోరుకొమ్మనగా, ప్రహ్లాదుడు తనకై భోగము లేమియు నడుగక, తన్ను చంపింప జూచిన తండ్రికి పాపవిముక్తిని వేడుకొనెను. మన పొరుగువాడు మనకు జేసిన యపకార మేమి?

ద్వేషము వలదు, జాలిపడిన చాలునందురు కొందరు మెత్తనివారు. నాకు అదియు సమ్మతము కాదు. జాలి యనగా పైమెట్టున నిలిచి క్రిందికి జూచుటయే. 1940లో కృష్ణా జిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును నెలకొల్పిన గోరాగారు, అనగా గోపరాజు రామచంద్రరావుగారు, 1944లో సేవాగ్రామమునకు పోయి గాంధీమహాత్మునితో నిరీశ్వరవాదమును గూర్చి చర్చించిరి. నిత్య ప్రార్థనాపరుడైన ఆ మహనీయుడు ఆయనపై జాలిపడలేదు, ఆయనను మార్పజూడలేదు. అస్పృశ్యతను రూపుమాపుటకై ఆయన చేయు పనిని మెచ్చి, ఆయన కుమార్తెకు హరిజన యువకునితో జరుగవలసిన వివాహమును తన యాశ్రమముననే జరిపింప నంగీకరించి, ఆ విధియందు దైవనామమునకు బదులు సత్యమను మాట నుంచుటకును ఒప్పుకొనెను. 1948 జనవరి 30న మహాత్ముడు హతుడయ్యెను. ఆ మార్చిలో పెండ్లి సేవాగ్రామముననే జరిగినది. మహాత్ముడు తన ప్రార్థనను తాను మానలేదు, దానిని ఎదుటివాని నోట బెట్టనులేదు. భక్తునికి ఉండవలసిన భావ మిదియే యని నా దృఢవిశ్వాసము: కలిసి బరువెత్తువానియెడ నుండు గౌరవము.

భిలాయివారి కిది క్రొత్త కారాదు. 1955 నాటి యొడంబడికతో మన కర్మాగారమును నిర్మింప వచ్చిన సోవియట్ ఇంజనీర్లు దేవుని నొప్పుకొనని ప్రభుత్వము పంపినవారు. 1959 ఫిబ్రవరి 4న బాబూ రాజేంద్రప్రసాద్‌గారు ప్రారంభించిన మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వారును మనవారును కలిసి నిలిపినదే.

ఆనాడు ప్రవచనము ముగిసి యింటికి వచ్చి, ఏటేట నిచ్చునట్లే మా పొరుగాయనకు పానకమును వడపప్పును ఇచ్చుటకు బయలుదేరి, చెంబు చేతబట్టుకొని గోడయొద్ద క్షణకాలము తటపటాయించితిని. ఇన్నియేండ్ల స్నేహమును ఒక సాయంకాలపు మాటలు అంతగా కదిలించినవే యను బాధతోనే యీ లేఖ వ్రాయుచున్నాను. పిదప పోయి తలుపు తట్టితిని. ఆయన లోపలినుండి రెండు గ్లాసులు తెచ్చిరి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
సెక్టర్ 7, భిలాయి