మంగళవారం ముహూర్తం

మన ఇళ్ళల్లో మంగళవారం నాడు ఏ మంచిపనీ మొదలుపెట్టరు. ప్రయాణం కూడా వాయిదా వేసుకుంటారు. అటువంటి మంగళవారాన్నే ముహూర్తంగా పెట్టుకొని ప్రపంచమంతటా కంప్యూటర్లకు మరమ్మతు చేస్తున్నారంటే, మా పక్కింటి పిన్నిగారు వొక పట్టాన నమ్మలేదు.

ఆవిడ గోడు వేరు. అల్లుడు హైదరాబాదులో వొక కంపెనీ కంప్యూటర్ల అజమాయిషీ చూస్తాడు. "నెలలో రెండో మంగళవారం వచ్చిందంటే ఆ రాత్రి కంచం ముందుకు రాడమ్మా! పదిన్నర దాకా ఎదురుచూసి అప్పుడు పనిలో దిగుతాడు. ఆ చెప్పేదేదో పగటిపూట చెప్పకూడదూ?" అని వాపోయింది.

సందేహం సమంజసమైనదే. ఆవిడకు చెప్పిన సమాధానమే యీ వారం పాఠకులకూ మనవి చేస్తున్నాను.

మీ వీధిలో వొకరింటి పెరటి తలుపు గొళ్ళెం వూడివుండటం మీ కంటబడిందనుకోండి. నడివీధిలో నిలబడి కేకవేస్తే ఇంటివారితో పాటు దొంగా వింటాడు. వూరుకుంటే ఏనాడో వాడే కనిపెడతాడు. ఇంటివారి చెవిలో చెప్పడం మర్యాద. కాని కంప్యూటర్ల విషయంలో గొళ్ళెం వొక ఇంటిది కాదు. వొకే చేతి గొళ్ళెం కోట్ల ఇళ్ళకు బిగించివుంది. అందుకని ముందు చేసినవాడికి రహస్యంగా చెప్పి, అతడు కొత్తది తయారుచేశాక, అందరికీ వొకేసారి చాటాలి. ఆ చాటింపునే 'అడ్వైజరీ' అనీ, దానితో వచ్చే మరమ్మతును 'ప్యాచ్' అనీ అంటారు.

చిక్కంతా యిక్కడే వుంది. ప్యాచ్ వెలువడగానే దొంగలు పాత ప్రోగ్రామునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి పోలుస్తారు. ఎక్కడ మార్చారో తెలిస్తే కన్నం ఎక్కడుందో తెలిసినట్లే గదా! ఆ క్షణం నుంచి దొంగకూ, ఇంటివాడికీ పరుగుపందెం. ఇంటివాడు శెలవులో వుండగా పందెం మొదలుపెడితే గెలుపెవరిదో చెప్పనక్కరలేదు.

అందుకే మైక్రోసాఫ్ట్ కంపెనీ 2003 అక్టోబరు నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం అని వొక నియమం పెట్టుకుంది. సోమవారం అయితే శని, ఆదివారాల్లో పేరుకున్న పనితోనే సరిపోతుంది. శుక్రవారమయితే చూసే నాథుడుండడు. మంగళవారమయితే సరిచూసుకొని బిగించుకోవడానికి ఇంకా మూడు రోజులుంటాయి. అమెరికా పశ్చిమతీరంలో ఉదయం 10 గంటలకు విడుదల చేస్తారు. అది మనకు వేసవిలో రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. పిన్నిగారి అల్లుడి భోజనం ఆరిపోవడానికి కారణం అదీ!

అయితే దొంగలు ముందే లోపల ప్రవేశించారని తెలిస్తే వారం, వర్జ్యం చూడరాదు. 2008 అక్టోబరు 23న అటువంటి ప్రమాదమే వచ్చి, గురువారమయినా ఆగకుండా మరమ్మతు విడుదల చేశారు.

లోపం కనిపెట్టినవారు ఎంతకాలం ఓపికపట్టాలన్నది మరో తగాదా. గడువు లేకపోతే తయారుచేసినవారు తాత్సారం చేస్తారు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో వున్న సెర్ట్ కేంద్రం 45 రోజులు గడువిస్తుంది. 2014లో గూగుల్ ఏర్పరచిన ప్రాజెక్ట్ జీరో బృందం 90 రోజులంది. ఆ లెక్కన 2015 జనవరి 11న వారు వొక విండోస్ లోపాన్ని బయటపెట్టేశారు. దానికి మరమ్మతు 13వ తేదీ మంగళవారం రానే వుంది! రెండురోజులు ఆగమని ముందే అడిగినా ఆగలేదని మైక్రోసాఫ్ట్‌వారు నొచ్చుకున్నారు. మరుసటి నెలలోనే గూగుల్ వారు, మరమ్మతు దగ్గరపడివుంటే 14 రోజుల వెసులుబాటు యిస్తామని నియమం సడలించారు. గడువు వుండవలసిందే, కాని ఆ గడువు ఇంటివాడిని కాపాడటానికే గాని పంతం నెగ్గించుకోవడానికి కాదని నా అభిప్రాయం.

ఇంత జాగ్రత్తగా చాటినా విననివారి మాటేమిటి? 2017 మార్చి 14న మంగళవారం నాడే వొక ముఖ్యమైన ప్యాచ్ వచ్చింది. సరిగ్గా 59 రోజులకు, మే 12న, 'వన్నాక్రై' అనే దుండగం ఆ కన్నంలోంచే దూరింది. ఇంగ్లండులో ఆస్పత్రులు వేలాది రోగులను మరొకనాడు రమ్మని పంపివేయవలసివచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు మూతబడ్డాయి. చాటింపు వేళకే అయింది. గొళ్ళెం బిగించుకోవడమే ఆలస్యమయింది.

అంతా విని పిన్నిగారు, "అయితే యీసారి నుంచి ఆ మంగళవారం పెందరాళే అన్నం పెట్టి కూర్చోబెట్టమని అమ్మాయికి చెబుతాను" అన్నది. తన ఫోనులో నెలరోజులుగా 'తర్వాత' అని తోసేస్తున్న అప్‌డేట్‌ను కూడా అప్పుడే నా చేతికిచ్చి, "ఇదేదో నువ్వే నొక్కమ్మా" అన్నది.

మీ ఫోను సంగతేమిటి?