భీమా కంపెనీల నిరాకరణ

పత్తి యమ్మి, పెండ్లి సామగ్రి కొనుటకై బీదరునకు పోయిన నారాయణఖేడు గృహస్థు నొకనిని ఊహింతము. కారును వీథిలో నిలిపి, తలుపులు బిగించి, అంగడిలోనికి పోయి వచ్చునప్పటికి అద్దము పగిలియున్నది. వెనుక సీటుమీది బట్టల పెట్టెయు, సంచియు మాయమైనవి. నేరము జరిగినచోటు కర్ణాటకము, ఇల్లు తెలంగాణము. ఏ ఠాణాకు పోవలెనను మీమాంసలో నాలుగు దినములు గడచును. పిమ్మట కంపెనీనుండి ఇంగ్లీషున రెండు పంక్తుల జాబు వచ్చును: ఆలస్యమైనది, సామగ్రి పాలసీలో చేరలేదు, కావున ఏమియు నీయజాలము. సరిహద్దు తాలూకాలవారి కిట్టి ఆపద ఏనాడైనను రావచ్చును.

ఈ జాబులో కొంత సత్యము లేకపోలేదు. దానిని దాచుట మా అభిమతము కాదు. మోటారు పాలసీ కారునకును, దానికి బిగించిన పరికరములకును రక్ష యిచ్చును గాని, అందులో నుంచిన బట్టలకును, కాగితములకును ఈయదు. అందులకు అదనపు రుసుము చెల్లించి వేరు రక్షణ కొనవలెను. అది కొన్నను నగదును, నగలును సాధారణముగా మినహాయింపబడును. ఐనను పగిలిన అద్దము మాటయేమి? కారు స్వంతనష్టమునకు పాలసీ యున్నచో, తప్పనిసరి కోతగా వేయి లేక రెండువేల రూపాయలు పోగా, అద్దము ఖరీదు రావలసియున్నది. అద్దములకు తరుగుదల కట్టరాదు. పెట్టె పోయిన దుఃఖములో ఈ సంగతి నడుగువారు బహు స్వల్పము. చిన్న క్లెయిమువలన మరుసటి యేటి బోనసు పోవును గనుక, లెక్క చూచుకొని అడుగుట మేలు.

బలప్రయోగము లేనిదే దోపిడి రక్షణ వర్తింపదని వ్రాసిన పాలసీలును కలవు. ఒక వర్తకుని సరకు విషయమున 2004లో సుప్రీంకోర్టు, యునైటెడ్ ఇండియా - హర్‌చంద్‌రాయ్ చందన్‌లాల్ వ్యాజ్యమున, ఆ షరతును యథాతథముగా పాటింపవలెననియే తీర్పు చెప్పినది. కావున పగిలిన గాజు ముక్కలను ఊడ్చివేయుటకు ముందు ఛాయాచిత్రము తీయుడు.

ఆలస్యమను నెపమును మాత్రము మేమంగీకరింపము. 2017లో ఓం ప్రకాశ్ వ్యాజ్యమునను, 2020 జనవరిలో గురుశిందర్ సింగ్ వ్యాజ్యమునను సుప్రీంకోర్టు ఈ నెపమును త్రోసివేసినది. పోలీసులకు వెంటనే తెలిపి, దొంగతనము నిజమని తేలినప్పుడు, కంపెనీకి తెలుపుటలో జరిగిన జాగొక్కటే నిరాకరణకు చాలదని తీర్మానించినది. అవి వాహనమే పోయిన వ్యాజ్యములు; న్యాయము పెట్టెకు వేరగునా? ఠాణా పరిధి మీమాంసయు 2024 జులై 1వ తేదీతో తీరినది. నేరమెచ్చట జరిగినను ఏ ఠాణాయందైనను సమాచార మీయవచ్చునని నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను శాసించుచున్నది. నారాయణఖేడువాడు నారాయణఖేడు ఠాణా గడపయే త్రొక్కవచ్చును. త్రిప్పిపంపినచో ఆ సెక్షను సంఖ్యను పేర్కొని వ్రాతమూలకముగా నిలదీయవలెను.

నిరాకరణ జాబు చూచి చేతులు ముడుచుకొని కూర్చుండుట మనవారి అలవాటు. ఏ షరతు ననుసరించి నిరాకరించితిరో చెప్పుడని మొదట కంపెనీకే వ్రాయవలెను. ఒక మాసములో సమాధానము రాకున్నను, వచ్చినది సమ్మతముగా లేకున్నను, హైదరాబాదులోని భీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపల ఫిర్యాదు చేయవచ్చును. రుసుము లేదు, వకీలు పనిలేదు. యాబది లక్షల రూపాయలవరకు తీర్పు చెప్పు అధికారము వారికి కలదు. వినియోగదారుల కమిషనునకు పోవువారికి రెండేండ్ల గడువున్నది.

1925లో పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నమున ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పినప్పుడు, మన ధనము మనవారి నమ్మకముపై నిలువవలెనను తలంపు దాని వెనుక నుండెను. నేడు పాలసీ నమ్మువాడు తెలుగున మాటలాడి, ఇంగ్లీషున సంతకము పెట్టించుకొనుచున్నాడు. భీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయము హైదరాబాదులోనే యున్నది గదా! ప్రతి మోటారు పాలసీ మొదటి పుటపై, "కారులోని వస్తువులకు ఈ పాలసీలో రక్ష లేదు" అని పెద్ద యక్షరములతో తెలుగున ముద్రింపవలెనని ఆ సంస్థ కంపెనీల నాజ్ఞాపింపవలెను.