పేరు మీది, మాట ఎవరిది?

రాజోలు, అమలాపురము ప్రాంతముల నుండి కువైటు, ఓమను దేశములకు ఇంటిపనికై పోవు స్త్రీలను గూర్చి మన దినపత్రికలు వ్రాయుట లేదని యెవ్వరు ననజాలరు. వ్రాయుచునే యున్నవి. ఎట్లు వ్రాయుచున్నవో చూడుడు. ఆమె యేడ్చుచు వీడియో పంపిన నాడు "గల్ఫు బాధితురాలు" అని పేరును, ఊరును, ఛాయాచిత్రమును అచ్చువేయుదురు. విమానము దిగిన నాడు ప్రక్కన నిలిచిన నాయకుని పలుకులకు నాలుగు పేరాలు దొరకును. ఆమె పలుకున కొక్క వాక్యము, అదియును కృతజ్ఞతా వాక్యమే. నడుమ గడచిన యేండ్లలో ఆమె పంపిన సొమ్ముతో అప్పు తీఱెను, పిల్లలు చదివిరి, పాక యున్న చోట డాబా లేచెను. ఇది వార్త కాదు కాబోలు!

"పారిపోయిన పనిమనిషి" యను మాట యొకటి గలదు. ఇది యెవరి మాట? యజమానునిది. కఫాలా పద్ధతిలో ఆమె నివాసపు అనుమతి యజమానునితో ముడిపడి యుండును. జీతము రాని యిల్లు విడిచినచో నతడు పోలీసులకు వ్రాసియిచ్చు ఫిర్యాదులోని మాటయే యది. మన విలేకరి దానిని తెలుగు చేసి మన గుమ్మములో పడవేయుచున్నాడు. కువైటు 2015లో చేసిన 68వ చట్టము ఇంటిపనివారికి వారమున కొకదినము సెలవును, దినమునకు 12 గంటలకు మించని పనిని విధించినది. "మీకు సెలవిచ్చిరా అమ్మా? పాసుపోర్టెవరి చేత నుండెను? ఏజెంటున కెంత యిచ్చితిరి?" అని యడిగిన విలేకరు లెందఱు?

ఇంకొక చిత్రము. 30 యేండ్లు నిండని స్త్రీ ఆ దేశములకు ఇంటిపనికి పోరాదని మన ప్రభుత్వపు నిబంధన. ఏజెంటు సందర్శక వీసాపై పంపును. పత్రిక "అక్రమముగా వెళ్లినది" యని వ్రాయును. పంపినవాడు వాక్యములోనే లేడు!

పత్రికల మాట కింత పట్టింపేల యందురా? ఒకప్పుడు కోరంగి రేవు నుండి రంగూను పోయిన మనవారిని బర్మీయులు "కోరంగీ"లని పిలిచిరి. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె వెనుక చెలరేగిన దాడులలో నూఱుమందికి పైగా భారతీయులు చనిపోయిరి. వారిలో పెక్కురు తెలుగువారు. 1938 అల్లరులకు కొన్ని బర్మా పత్రికల వ్రాతలును కారణమని విచారణసంఘము నిర్ణయించినది. ఆ గాయము తగిలిన జాతికి ఈ మెలకువ మఱింత యుండవలదా?

పాఠకులు కన్నీటినే కోరుదురని సంపాదకులు సెలవిత్తురు. ఆ పాఠకులలో మేమును గలము, మేము కోరలేదు. తిరిగివచ్చిన స్త్రీ ఆ యూరిలోనే బ్రదుకవలెను, ఆమె కూతురు ఆ బడికే పోవలెను. ఆమె పేరు దాచి మాటను అచ్చువేయుడు. ఇప్పుడు జరుగుచున్నది దీనికి తలక్రిందులు. కేసు నమోదైన పిమ్మట ఏజెంటు పేరు దాచకుడు. గల్ఫు ఉద్యోగముల ప్రకటనలలో ప్రభుత్వ లైసెన్సు సంఖ్య లేనిదానిని త్రిప్పి పంపుడు. అందువలన నష్టపోవు రూక లెన్నో మాకును తెలుపుడు.