తిరస్కరణ కాగితం అందిందా? గడువు అరవై రోజులే

పోడు దరఖాస్తు తిరస్కరించామని కాగితం అందుకున్నవాళ్లూ, కాగితం లేకుండా "నీది రిజెక్టయింది" అన్న నోటిమాట విన్నవాళ్లూ వెంటనే కదలాలి. అటవీ హక్కుల చట్టం కింద అప్పీలుకు ఉన్నది అరవై రోజులు. కమిటీ ఒప్పుకుంటే మరో ముప్పై. గ్రామసభ తీర్మానం మీదైతే ఆర్డీవో స్థాయి కమిటీకి, ఆ కమిటీ నిర్ణయం మీదైతే కలెక్టర్ కమిటీకి వెళ్లాలి.

"స్టే ఉంది కదా, మనల్నెవరు కదిలిస్తారు" అని ధీమాగా ఉండటం ప్రమాదం. ఈ చట్టం చెల్లదంటూ నడుస్తున్న కేసులో 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు తిరస్కరణకు గురైనవారిని అడవి నుంచి ఖాళీ చేయించాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఫిబ్రవరి 28న తనే ఆ ఆదేశాన్ని నిలిపేసి, తిరస్కరణలు ఏ పద్ధతిలో జరిగాయో చెప్పమని రాష్ట్రాలను అడిగింది. ఆ స్టే ఎవరికీ పట్టా ఇవ్వలేదు. స్టే తెప్పిస్తాం, పట్టా ఇప్పిస్తాం అంటూ డబ్బులడిగేవాళ్లకు పైసా ఇవ్వొద్దు.

కమిటీల దగ్గర న్యాయం దొరక్కపోతే మిగిలేది కోర్టు. అమెరికాలోలాగా మనకు కేంద్రానికో కోర్టుల వరుస, రాష్ట్రానికో వరుస లేవు. జిల్లా కోర్టు, దానిపైన హైకోర్టు, ఆపైన సుప్రీంకోర్టు, అంతా ఒకే వరుస. రాజ్యాంగం 226వ అధికరణం కింద మన హైకోర్టు కలెక్టర్ ఉత్తర్వును కొట్టేయగలదు, శాసనసభ చేసిన చట్టాన్నీ కొట్టేయగలదు. రాజ్యాంగ సవరణతో కూడా ఈ అధికారాన్ని తీసేయలేరని 1997లో ఎల్.చంద్రకుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇంత అధికారమున్న కోర్టు కూడా మీ చేను చూడటానికి కెరమెరి గుట్టలెక్కి రాదు. అది చూసేది ఫైలు. కారణాలు రాశారా, మీ మాట విన్నారా, సాక్ష్యాన్ని లెక్కలోకి తీసుకున్నారా అని చూస్తుంది. ముందు అప్పీలు చేసుకున్నారా అని మిమ్మల్నీ అడుగుతుంది. ఫైల్లో మీ కాగితమే లేకపోతే ఎంత పెద్ద వకీలైనా చేయగలిగింది తక్కువ.

ప్రభుత్వం ఇచ్చిందన్న భరోసా కూడా చాలదు. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని 2000 జనవరి 10న వచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్ 22న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. ఆ తీర్పు గూడెం బడికి అన్యాయం చేసిందనే నా అభిప్రాయం. అయినా అది తీర్పు, ఉట్నూరు ఏజెన్సీకీ అది వర్తిస్తుంది.

కాబట్టి కాగితం పుట్టించండి. తిరస్కరణను కారణాలతో సహా రాతపూర్వకంగా అడగండి. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచీ సాగులో ఉన్నామనడానికి పటేల్‌తోనో, ఊరి పెద్దవాళ్లతోనో వాంగ్మూలం రాయించి వేలిముద్ర వేయించండి. తాత వేసిన ఒడ్డు, తవ్విన బావి, ఆయన్ను పూడ్చిన చోటు, ఇవన్నీ నిబంధనల ప్రకారం సాక్ష్యాలే. ఫలానా పత్రమే తెమ్మని పట్టుబట్టే అధికారం కమిటీకి లేదు. ఉపగ్రహ చిత్రంలో కనబడలేదన్న ఒక్క సాకుతో కొట్టేస్తే ఆ మాటే అప్పీల్లో రాయండి.

పరిశీలన పూర్తికాకముందే జేసీబీ తెచ్చి చేన్లో కందకం తవ్వబోతే, అదే చట్టం సెక్షన్ 4(5) ఖాళీ చేయించడాన్ని నిషేధిస్తోందని రాసివ్వండి. తేదీతో ఫొటో తీయండి. చేయి మాత్రం చేసుకోవద్దు. క్రిమినల్ కేసు పడితే హక్కు పోరాటం పక్కకుపోయి బెయిలు కోసం తిరగాల్సివస్తుంది.

కరీంనగర్ వైపు అటవీ గ్రామాలవాళ్లు, తమది షెడ్యూల్డ్ ప్రాంతం కాదని వెనక్కి తగ్గొద్దు. చట్టం అక్కడా వర్తిస్తుంది. గిరిజనేతరులు మాత్రం 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలుగా, అంటే డెబ్బై అయిదేళ్లుగా అడవిమీద ఆధారపడ్డట్టు చూపించాలి.

వకీలుకు డబ్బుల్లేవని ఆగొద్దు. ఎస్టీలకు, ఎస్సీలకు, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. ఫోన్ నంబరు 15100. అప్పీలు ఇచ్చేటప్పుడు రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదానిమీద ముద్ర, తేదీ వేయించుకుని రండి.